కన్ను అదురుతుంటే స్కానింగ్‌కి పోవాలా, ఊరికే వదిలేయాలా?

అల్లూరు గుంటలు:
అన్నలూ, నాకు ఎడమకన్ను కింద రెప్ప టపటపా కొట్టుకుంటా ఉంది. నొప్పి లేదు, చూపు బానే ఉంది, ఎదుటోళ్ళకి తెలియను కూడా తెలీదు. రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా నాదే, తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్ది కదా, కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి, జనరేటర్ వెయ్యాల, అందుకని టీ మీద టీ, చేతిలో ఫోను. ఇంట్లో ఆమేమో మగోడికి ఎడమకన్ను అదిరితే కీడు, ఈ వారం రెండో గుంటలో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదలొద్దంటది. మా బావ నరాల డాక్టర్ దగ్గరికి పోయి స్కానింగ్ తీయించుకోమంటాడు. ఎవరి మాట వినాల?

కోవూరు పెద్దాయన:
మగోడికి కుడి, ఆడోళ్ళకి ఎడమ అని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు నాయనా. వారం ఆగితే ఏం మునిగిపోద్ది?

చీమకుర్తి గ్రానైట్:
సీడ్ ఇచ్చే హేచరీకి అడ్వాన్స్ కట్టాక వారం ఆగితే ఆ డబ్బు మీరిస్తారా పెద్దాయనా? మా కటింగ్ మిషన్ల కాడ దుమ్ముకి కళ్ళు ఎండిపోయి చానామందికి కన్ను అదరతానే ఉంటది, ఎడమ అదిరినోడూ కుడి అదిరినోడూ ఒకటే కూలి తీసుకుంటున్నారు. తమ్ముడూ, స్కానింగ్ లేదు ఏమీ లేదు, నాలుగు రోజులు కడుపునిండా నిద్రపో.

ఒంగోలు మందులషాపు:
మెగ్నీషియం తగ్గితే వస్తుంది బ్రదర్. బీ కాంప్లెక్స్‌తో కలిపి రోజుకొకటి వేసుకో. మా దగ్గర తీసుకున్నోళ్ళందరికీ తగ్గింది.

కావలి కళ్ళ టెక్నీషియన్:
మాత్ర వేసుకోనోళ్ళకి కూడా తగ్గిందండీ, వాళ్ళు మీ షాపుకి రారు కాబట్టి మీకు తెలీదు. రెప్ప చుట్టూ గుండ్రంగా పల్చటి కండరం ఉంటుంది, దాంట్లో కొన్ని పోగులు వాటంతటవే వణుకుతాయి, మయోకీమియా అంటాం, ఎక్కువగా ఒకే కన్ను, అదీ కింద రెప్పే. నిద్రలేమి, టెన్షన్, టీ కాఫీలు, కళ్ళు పొడిబారడం వీటితో పెరుగుతుంది. తాగిన కెఫీన్‌లో సగం దిగడానికే సుమారు 5 గంటలు పడుతుంది, అర్ధరాత్రి మొదలుపెట్టి తాగితే పొద్దున పడుకున్నా అది ఇంకా ఒంట్లోనే ఉంటుంది. మెగ్నీషియంతో ఈ అదురు తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. పైగా కిడ్నీ సరిగా లేనోళ్ళు ఆ మాత్రలు మింగితే అది బయటికి పోక పేరుకుంటుంది, కనిగిరి వైపు కిడ్నీ జబ్బులు ఎట్టా ఉన్నాయో తెలిసి కూడా అందరికీ వేసుకోమని ఎట్టా చెప్తారు సార్?

కొండపి కోడలు:
అందరూ నిద్రపో, వదిలేయ్ అంటన్నారు. మా అత్తకీ ఇట్టానే చెప్పారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాడ రాత్రిళ్ళు మేలుకుని మంట చూసుకునేది, అందుకే అదురుతుందిలే అనుకున్నారంతా. అది కన్నుతో ఆగలా, కొన్నాళ్ళకి బుగ్గ, ఆ తర్వాత మూతి, అన్నీ ఒకేవైపుకి లాగడం, నిద్రలో కూడా ఆగేది కాదు. వాతం అని ఒకరు, నరాల బలహీనత అని ఇంకొకరు, బలం సూదులు తెగ పొడిచారు. చివరికి ఎంఆర్ఐలో తేలింది, ముఖానికి వచ్చే ఏడో నరం మెదడు కాడ బయల్దేరే చోట ఒక రక్తనాళం ఆనుకుని కొడతా ఉందంట. ఇప్పుడు మూడు నాలుగు నెలలకోసారి బొటాక్స్ సూది, ఆపరేషన్ కూడా ఉంది గానీ తలకి అనేసరికి ఆమె ఒప్పుకోలా. వదిలేయమనేటప్పుడు ఏది వదిలేయాలో, ఎప్పటిదాకానో కూడా చెప్పండయ్యా.

చీమకుర్తి గ్రానైట్:
అక్కా బొటాక్స్ అంటే సినిమావాళ్ళు ముడతలకి వేయించుకునేది కదా, ఎవరో బాగా అంటగట్టినట్టున్నారు.

కావలి కళ్ళ టెక్నీషియన్:
లేదండీ, అమెరికాలో 1989లో దానికి మొదట అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకి, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకి. ముడతలకి 2002లో. ఆ బిగుసుకునే జబ్బులో రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోతాయి, బండి నడపలేరు, రోడ్డు దాటలేరు. అక్క చెప్పింది కరెక్టే, కానీ ఆమె చెప్పిన కేసు తక్కువమందిలో వస్తుంది, దాన్ని చూసి కింద రెప్ప అదిరిన ప్రతివాడూ ఎంఆర్ఐకి పరిగెత్తక్కర్లేదు. అల్లూరు అన్నా, మీకిప్పుడు స్కానింగ్ అక్కర్లేదు. రెండు మూడు వారాలు దాటినా, కన్ను పూర్తిగా మూసుకుపోతున్నా, పై రెప్ప వాలిపోయినా, ఎర్రబడి పుసి కట్టినా, బుగ్గ మూతి కదిలినా కళ్ళ డాక్టర్‌కి చూపించండి, నరాల డాక్టర్ అవసరమైతే వాళ్ళే పంపుతారు. ఉన్నట్టుండి మూతి వంకరపోయిందంటే మాత్రం రేపనకుండా ఆస్పత్రికి పోవాలి.

కోవూరు పెద్దాయన:
మీరెన్ని చెప్పినా ఆ ఇల్లాలు మనసు కష్టపెట్టి సీడ్ వదలడం నాకు నచ్చలా.

అల్లూరు గుంటలు:
నాకు కన్ను దాటి ఏమీ కదల్లేదు, స్కానింగ్ పక్కన పెడతన్నా. సీడ్ మాత్రం వదలాల్సిందే, ఆమెకి నచ్చజెప్పుకుంటాలే పెద్దాయనా. టీ మానేస్తే మేలుకోవడమే కష్టం, బామ్మర్దిని రోజు మార్చి రోజు కాపలాకి రమ్మన్నా, వాడు పడుకున్నాడంటే ఏరేటర్లు ఆగినా లేవడు.

చీమకుర్తి గ్రానైట్:
కరెంటు పోతే మోగే అలారం పెట్టించు తమ్ముడూ, బామ్మర్ది మంచం పక్కనే.