91 చాలన్న కారుకు 95 పెట్రోలు పోయాలా?

ప్రశ్న:
నా కారు పెట్రోలు మూత లోపల "కనీసం 91 ఆర్ఓఎన్" (రీసెర్చ్ ఆక్టేన్ నంబరు, అంటే పెట్రోలు ఆక్టేన్ సంఖ్య) అని స్టిక్కర్ ఉంది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేదు. 95 పోస్తే మైలేజీ పెరుగుతుందని మిత్రులు పట్టుబడుతున్నారు. పైగా ఈమధ్య నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్లో టకటకమని చప్పుడు వస్తోంది. 95కు మారితే పోతుందా?

జవాబు 1:
ఇంజన్లు విప్పి బిగించడమే నా వృత్తి. ముందుగా ఒక మాట: ఆక్టేన్ సంఖ్య పెట్రోలులోని శక్తికి కొలత కాదు. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట సిలిండర్‌లో క్రమంగా పాకాలి. అది చేరేలోపే ఒక మూలన ఒత్తిడికి, వేడికి పెట్రోలు ఆవిరి తనంతట తానే భగ్గుమంటే వచ్చేదే ఆ టకటక. దాన్ని నాకింగ్ అంటాం. పెట్రోలు దాన్ని ఎంత తట్టుకోగలదో ఆ సంఖ్య చెబుతుంది. 91కి తయారైన మామూలు ఇంజన్‌కు 95 పోసినంత మాత్రాన బలం రాదు, డబ్బు దండగ. టర్బో ఉండి, 95 తప్పనిసరి అని మాన్యువల్‌లో ఉంటే మాత్రం దయచేసి తక్కువది పోయకండి. నాక్ సెన్సర్ పసిగట్టి స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. చప్పుడు తగ్గినా బలం, మైలేజీ రెండూ పడిపోతాయి.

మీరు ముందు మూడో గేరుకు దించి అదే ఎత్తు ఎక్కించి చూడండి.

జవాబు 2:
విదేశీ మాన్యువల్ చదివేవాళ్లు జాగ్రత్త. అమెరికా పంపుల మీద కనిపించే 87 అనే అంకె ఆర్ఓఎన్ కాదు. అది ఆర్ఓఎన్‌కు, ఎంఓఎన్‌కు (మోటార్ ఆక్టేన్ నంబరు, ఇంకా కఠినమైన పరీక్షలో వచ్చే అంకె) సగటు. ఆర్ఓఎన్‌లో అది దాదాపు 91, 92 అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మూడో గేరులో చప్పుడు బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

జవాబు 1:
అయితే ప్లగ్‌లు విప్పించండి. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్లు నల్లటి చుక్కలుంటే నాకింగ్ నిజంగానే జరుగుతోందన్నమాట. సిలిండర్‌లో మసి పేరుకుందా, ఇంజన్ అతిగా వేడెక్కుతోందా, ఆ కారుకు చెప్పిన ప్లగ్‌లే వేశారా అని చూడమనండి. అంతవరకు 95 పోసుకోండి, ఇంజన్‌కు కాస్త రక్షణ. కానీ చప్పుడు ఆగింది కదా అని మరమ్మతు వాయిదా వేయకండి. నాకింగ్‌ను అలాగే సాగనిస్తే పిస్టన్లు దెబ్బతింటాయి.