మట్టిలో తల: అన్నీ కుదిరినా పోలిక రావడం లేదు

కొత్తచేయి:
మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బంకమట్టితో అతని తల బొమ్మ చేస్తున్నాను, నిజ పరిమాణంలో. కళ్ళు, ముక్కు, పెదవులు విడివిడిగా చూస్తే బాగానే ఉన్నాయి. మొత్తంగా చూస్తే ఇంకెవరో! పైగా మెడ మీద పగుళ్ళు. ఎముకలు, కండరాలు విడిగా నేర్చుకోవాలా, లేక చూసి చేస్తూ పోతే అదే వస్తుందా?

పిడిమట్టి:
కళ్ళూ పెదవులూ ముందే చేసేసినట్టున్నారు. మనసొప్పకపోయినా చెరిపేయండి. పోలిక ముందు పుర్రెలో కుదరాలి. ఇరవై అడుగుల దూరం నుంచి కళ్ళు కనబడకపోయినా తెలిసినవాణ్ణి పోల్చుకుంటాం కదా.

క్యాలిపర్‌తో (దూరం కొలిచే రెండు కాళ్ళ పనిముట్టు) చెవి రంధ్రం నుంచి మూడు దూరాలు తీసుకోండి: కనుబొమల మధ్యకి, ముక్కు అడుక్కి, గడ్డం కొనకి. తర్వాత చెంప ఎముకల మధ్య వెడల్పు, గడ్డం నుంచి నడినెత్తికి ఎత్తు. ఆ చోట్ల అగ్గిపుల్లలు గుచ్చండి, పుల్ల కొనే చర్మం మట్టం. కళ్ళ గీత తల ఎత్తులో దాదాపు సగంలో ఉంటుంది. కొత్తలో అందరూ దాన్ని పైకి జరుపుతారు, నడినెత్తికి చోటు మిగలదు. తల వెనక భాగం కూడా చాలదు. పక్క నుంచి చూస్తే తల లోతు ఎత్తుకు కాస్తే తక్కువ.

ఆ తర్వాత అంచులు. మనిషినీ బొమ్మనూ ఒకే కోణంలో, 15 డిగ్రీల చొప్పున తిప్పుతూ 24 వైపుల నుంచి అంచు గీత సరిచూడండి. ఇలా అంచులు చూస్తూ చేయడం ఫ్రెంచి శిల్పి రోదాఁ పద్ధతి. పై నుంచీ గడ్డం కింది నుంచీ కూడా చూడాలి, ఇది చాలామంది వదిలేస్తారు.

తడిగుడ్డ:
పగుళ్ళ సంగతి. ఆరుతూ మట్టి కుంచించుకుపోతుంది, లోపలి ఇనుప ఊత కుంచించుకోదు. అందుకే సన్నగా ఉన్న మెడ దగ్గర చీలుతుంది. పని ఆపినప్పుడల్లా తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ చుట్టండి. తల బరువుకి మట్టి జారకుండా రెండు చెక్కముక్కలు అడ్డంగా కట్టి తీగతో ఊతకు వేలాడదీయాలి.

ఊత ఉండగా కాల్చకూడదు. మట్టి కాస్త గట్టిపడ్డాక నెత్తిని తీగతో కోసి, ఊత తీసి, లోపల తోడి గోడ 2 సెం.మీ. ఉంచండి. అంచులు గీరి, పల్చటి మట్టి పూసి అతికించి, గాలికి ఒక రంధ్రం వదలండి. పూర్తిగా ఆరకుండా 100 డిగ్రీలు దాటిస్తే లోపలి నీరు ఆవిరై బొమ్మను పగలగొడుతుంది.

కాల్చకపోతే బొమ్మ మీద ప్లాస్టర్ అచ్చు తీయండి. నీళ్ళలో ప్లాస్టర్ చల్లాలి, ప్లాస్టర్‌లో నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. మొదటి పూత అర సెంటీమీటరు, రంగు కలిపి వేయండి. లోపలి మట్టి తీసేసి అచ్చులో పోత పోశాక, అచ్చును ఉలితో కొడుతున్నప్పుడు ఆ రంగు కనబడగానే చేయి నెమ్మదించాలి, దాని వెనకే బొమ్మ ఉంది.

కండపట్టు:
శరీర నిర్మాణం విడిగా నేర్చుకోవాల్సిందే. ఫ్రెంచి శిల్పి ఊదోఁ 1767లో రోమ్‌లో చర్మం ఒలిచిన మనిషి బొమ్మ చేశాడు, దాని నకళ్ళతో తరతరాల విద్యార్థులు సాధన చేశారు. మీరైతే ముందు పుర్రె చేసి, ఒక పక్క మాత్రమే కణత కండరం, దవడ కండరం, చెంప నుంచి పెదవి మూలకి దిగే కండరం అతికించండి. రెండో పక్క ఎముకే ఉండనివ్వండి.

పుల్లల విషయంలో మాత్రం పిడిమట్టి గారితో కొంచెం విభేదిస్తాను. కొలతే చాలదు. అమెరికా నేత జార్జ్ వాషింగ్టన్ బొమ్మ కోసం 1785లో ఊదోఁ ఆయన ఇల్లు మౌంట్ వెర్నన్‌కి వెళ్ళి కొలతలూ ముఖం మీద ప్లాస్టర్ ముద్రా తీసుకున్నాడు. కానీ ముద్రలో కళ్ళు మూసే ఉంటాయి, ప్లాస్టర్ బరువుకి కండ జారుతుంది. చూపు అతను విడిగా చెక్కాల్సిందే. కనుపాపను లోతుగా తొలిచి, పైన చిన్న తునక వదిలేవాడు, వెలుగు దాని మీద పడి కన్ను తడిగా కనబడుతుంది. 1877లో రోదాఁ చేసిన 'కంచు యుగం' బొమ్మ చూసి మనిషి మీదే అచ్చు తీశాడని నిందించారు. ఆ మాట మళ్ళీ రాకుండా అతను తర్వాతి బొమ్మను నిజ పరిమాణం కంటే పెద్దగా చేశాడు.

కొత్తచేయి:
కొలిచాను. కణతల దగ్గర వెడల్పు 1 సెం.మీ. ఎక్కువుంది. ముఖం మొత్తాన్నీ దానికి తగ్గట్టు పెంచొచ్చా?

పిడిమట్టి:
వద్దండీ. కణతలే చెక్కేయండి. చెవులు కూడా వాటితోపాటు బయటికి జరిగి ఉంటాయి, ముందు అవి చూసుకోండి.