గాలిని బట్టి గ్రహం ఎక్కడ పుట్టిందో ఎలా చెబుతారు?

వేగుచుక్క:
వేరే నక్షత్రం చుట్టూ తిరిగే వాస్ప్-39బి అనే గ్రహం గురించి చదువుతున్నాను. కన్యా రాశి వైపు, దాదాపు 700 కాంతి సంవత్సరాల దూరం, బరువు మన శని అంత, కానీ ఉబ్బిపోయి గురుడి కంటే పెద్దగా ఉంది, నక్షత్రాన్ని నాలుగు రోజులకోసారి చుట్టేస్తుంది, వేడి సుమారు 900 డిగ్రీలు. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ దాని వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ ఉందని పట్టుకుంది. దాన్నిబట్టి ఇది ఇప్పుడున్న చోట పుట్టలేదు, ఎక్కడో దూరంగా మంచు ఉన్న చోట పుట్టి లోపలికి జరిగి ఉంటుంది అంటున్నారు. ఇక్కడే నాకు మెలిక పడింది. ఆ గ్రహం ఫోటోలో చుక్కగా కూడా రాదు, దాని గాలి తెలియడమే పెద్ద విషయం, ఇక ఆ గాలిని బట్టి పుట్టిన చోటు ఎలా చెబుతారు? ఫార్ములాలు వద్దు, అలాగని చిన్నపిల్లలకు చెప్పినట్టూ వద్దు, కాస్త వివరంగా చెప్పండి.

నీలాకాశం:
గాలి ఎలా తెలుస్తుందో నేను చెప్తాను, పుట్టుక సంగతి అరుంధతి గారికి వదిలేస్తాను. ఈ గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటినప్పుడు మనకు వచ్చే కాంతి రెండు శాతం పైచిలుకు తగ్గుతుంది. ఆ తగ్గుదల అన్ని రంగుల్లోనూ సమానంగా ఉండదు. గ్రహం అంచు చుట్టూ ఉన్న పలుచటి గాలి పొర గుండా కొంత కాంతి వస్తుంది కదా, అక్కడున్న ఒక్కో అణువు ఒక్కో రంగును మింగేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మింగేది 4.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న, కంటికి కనబడని పరారుణ కాంతిని, అందుకని ఆ రంగులో చూస్తే గ్రహం కొంచెం పెద్దదైనట్టు కనిపిస్తుంది, కొలిచేది ఆ తేడానే. గ్రహం ఉబ్బి ఉండటం బాగా కలిసొచ్చింది, గాలి పొర అంత మందంగా దొరికింది. పద్ధతి పాతదే, హెచ్‌డి 209458 బి అనే ఇంకో గ్రహం మీద సోడియం ఉందని హబుల్ టెలిస్కోప్‌తో ఇలాగే చూసి 2001లో ప్రకటించారు.

నాకు అన్నిటికంటే నచ్చింది వాస్ప్-39బి కొలతల గ్రాఫ్‌లో 4.05 మైక్రాన్ల దగ్గర పైకి ఉబ్బినట్టు కనబడిన చిన్న గుర్తు. మొదట అదేంటో తేలలేదు. తర్వాత సల్ఫర్ డయాక్సైడ్ అని తెలిసింది. నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి నీటి అణువుల్ని విరగ్గొడుతుంది, ఆ ముక్కలు అక్కడున్న హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిసి, వరసగా కొన్ని చర్యలు జరిగి, చివరికి ఇది తయారవుతుంది. మన ఓజోన్ పొర వెనకున్నదీ ఇలాంటి కాంతి రసాయనమే. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీద దాన్ని చూడటం అదే మొదటిసారి.

అరుంధతి:
కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ గ్యాస్, దుమ్ము తిరుగుతుంటాయి, గ్రహాలు తయారయ్యేది వాటిలోంచే. నక్షత్రానికి దగ్గరగా నీరు ఆవిరిగా ఉంటుంది, ఒక దూరం దాటితే గడ్డకడుతుంది, ఇంకా అవతల కార్బన్ డయాక్సైడ్, ఇంకా చాలా అవతల కార్బన్ మోనాక్సైడ్ గడ్డకడతాయి. నీరు గడ్డకట్టిందంటే గ్యాస్‌లోని ఆక్సిజన్‌లో చాలా భాగం మంచులోకి వెళ్లిపోయిందన్నమాట. అంటే ఆ హద్దు అవతల గ్యాస్‌లో ఆక్సిజన్‌తో పోలిస్తే కార్బన్ వాటా పెరుగుతుంది, మంచులో తగ్గుతుంది. గ్యాస్ పీల్చుకుని పెరిగిన గ్రహానికి ఒక కార్బన్-ఆక్సిజన్ నిష్పత్తి వస్తుంది, మంచుగడ్డల్ని మింగి పెరిగినదానికి ఇంకోటి వస్తుంది. 2011లో శాస్త్రవేత్త కారిన్ ఓబెర్గ్, ఆవిడ సహచరులు ఈ లెక్కను స్పష్టంగా రాశారు, అప్పటి నుంచి అందరూ దీని వెంటే పడ్డారు. సూర్యుడిలో ఈ నిష్పత్తి సుమారు 0.55. వాస్ప్-39బిలో అంతకంటే తక్కువ వైపే ఉన్నట్టుంది, పైగా హైడ్రోజన్, హీలియం కాని మూలకాలు సూర్యుడి కంటే పది రెట్ల దాకా ఉన్నాయి. మంచుగడ్డలు గట్టిగానే మింగిందని అందుకే అంటున్నారు.

చిత్రావతి:
లెక్క నిజమే అరుంధతి గారూ, కానీ "జన్మస్థలం తేలిపోయింది" అని రాసే వార్తలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనం చూసేది పై పొరే. మీగడ చూసి గిన్నెలో పాలెన్నో చెప్పలేం. మన గురుడి సంగతే చూడండి, గెలీలియో అంతరిక్ష నౌక నుంచి వదిలిన పరికరం 1995 డిసెంబర్ 7న నేరుగా అతని గాలిలోకే దిగింది, కార్బన్, సల్ఫర్, ఆర్గాన్ లాంటివి సూర్యుడి కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఉన్నాయని కొలిచింది. నీరు మాత్రం చాలా తక్కువ కనబడింది, ఎందుకంటే అది దిగిన చోటే పొడి ప్రాంతం! ఇక ఆర్గాన్ గడ్డకట్టాలంటే మైనస్ 240 డిగ్రీల చలి కావాలి, గురుడు ఉన్న చోట అంత చలి ఉండాల్సిన పని లేదు. గురుడు ఇంకా దూరంగా పుట్టాడనే వాళ్లున్నారు, దూరం నుంచి కొట్టుకొచ్చిన మంచు దాన్ని తెచ్చిందనే వాళ్లూ ఉన్నారు. దగ్గరికెళ్లి కొలిచిన గ్రహం గురించే ఇంత వాదన.

అయితే పై పొర నుంచి లోపలి సంగతి తెలిసిన సందర్భమూ ఉంది. వాస్ప్-107బి అనే ఇంకో ఉబ్బిన గ్రహం మీద మీథేన్ ఉండాల్సిన దానికంటే బాగా తక్కువని 2024లో వెబ్ చూపించింది. లోపలి నుంచి బాగా వేడైన గ్యాస్ పైకి వస్తే మీథేన్ నిలవదు, కాబట్టి లోపల అనుకున్నదానికంటే చాలా వేడిగా ఉండాలి, ఆ వేడే గ్రహాన్ని ఉబ్బించింది. దాంతో కేంద్రం అనుకున్నదానికంటే పెద్దదని, భూమి బరువుకి పది రెట్లకు అటూఇటూగా ఉంటుందని లెక్క తేలింది.

వేగుచుక్క:
ఇప్పుడు దారిలో పడ్డాను, అందరికీ థాంక్స్. ఇంకొక్కటి. ముందు గట్టి కేంద్రం తయారై తర్వాత గ్యాస్ చేరడం కాకుండా, గ్యాస్ తనంతట తానే కుప్పకూలి గ్రహమయ్యే దారి కూడా ఉందంటారు కదా? గాలిని బట్టి ఆ రెండిటినీ విడదీయొచ్చా?

అరుంధతి:
కొంతవరకు విడదీయొచ్చు, దానికి మంచి ఉదాహరణ హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం. సుమారు 130 కాంతి సంవత్సరాల దూరం, నాలుగు పెద్ద గ్రహాలు, ఒక్కోటీ గురుడికి ఐదు రెట్లు పైనే. ఇవి ఫోటోలో నేరుగా కనిపిస్తాయి. గట్టి కేంద్రం సుమారు పది భూముల బరువుకి పెరగాలి, అది కూడా గ్యాస్ చెదిరిపోయే లోపు, అంటే కొన్ని మిలియన్ల సంవత్సరాల్లోనే. అన్నిటికంటే బయటి గ్రహం సూర్యుడి నుంచి నెప్ట్యూన్ ఉన్న దూరానికి రెట్టింపు పైనే ఉంది, అంత దూరంలో పదార్థం పలుచగా ఉంటుంది కాబట్టి ఆ గడువు సరిపోదని, ఇవి కుప్పకూలి పుట్టినవేనని చాలామంది అనుకున్నారు. కుప్పకూలి పుడితే గ్రహం కూర్పు దాదాపు నక్షత్రం కూర్పులాగే ఉండాలి. 2025లో వెబ్ తీసిన చిత్రాల్లో కార్బన్ డయాక్సైడ్ గుర్తు బలంగా కనబడింది, అంటే బరువైన మూలకాలు దండిగా ఉన్నాయి, అంటే నెమ్మదిగా కేంద్రం కట్టుకునే దారే ఇక్కడ బలపడింది. అంత దూరంలో, ఆ గడువులో అంత కేంద్రం ఎలా పెరిగిందన్నది మాత్రం ఇంకా తేలని ప్రశ్న. గులకరాళ్లంత మంచుముక్కలు కొట్టుకొచ్చి వేగంగా చేరతాయనే లెక్క ఒకటుంది, నాకైతే ప్రస్తుతానికి అదే నమ్మదగ్గదిగా అనిపిస్తోంది.