చేతి రికార్డర్ సొంత మైకులతో కచేరీ రికార్డింగ్: మీటరు సున్నాను తాకకపోయినా శబ్దం ఎందుకు పగులుతోంది?

ప్రశ్న

నా దగ్గర ఉన్నది అరచేతిలో ఇమిడే స్టీరియో రికార్డర్. విడిగా మైకులు కొనే ఆలోచన ప్రస్తుతానికి లేదు. కళాకారుల, నిర్వాహకుల అనుమతి తీసుకుని, రికార్డర్ తలపై ఒకదానికొకటి అడ్డంగా అమర్చి ఉన్న ఆ రెండు మైకులతోనే కచేరీలు రికార్డు చేస్తున్నాను. రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. పెద్ద స్పీకర్లు పెట్టిన కచేరీలో డ్రమ్స్, బేస్ గిటార్ కలిసి మోగిన ప్రతిచోటా శబ్దం గరగరమంటూ పగిలిపోయింది. కానీ లెవెల్ మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటి పైకి వెళ్లలేదు (సున్నా అంటే ఫైలులో రాయగల గరిష్ఠ హద్దు), ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. మరొకచోట, గాత్రం, వయొలిన్ మాత్రమే ఉన్న కచేరీలో శబ్దం శుభ్రంగానే వచ్చింది గానీ, గాయని ఏదో గుహ లోపలి నుంచి పాడుతున్నట్లుగా ఉంది. గెయిన్ (శబ్దాన్ని పెంచే స్థాయి) ఎంత ఉంచాలో, ఆటో లెవెల్ (లెవెల్‌ను తానే సర్దేది), లిమిటర్ (శిఖరాలను హద్దు దాటనివ్వనిది), లో కట్ (లోతైన శబ్దాలను తీసేసేది)లలో దేన్ని వాడాలో తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు

ముందుగా ఆ ఫైలును ఆడాసిటీ వంటి ఎడిటర్‌లో తెరిచి, శబ్దం పగిలిన చోట తరంగాన్ని బాగా పెద్దదిగా చేసి చూడండి. శిఖరాలు గుండ్రంగా కాకుండా, సున్నాకు ఎంతో కిందనే కత్తిరించినట్లు చదునుగా కనిపిస్తే, తప్పు డిజిటల్ లెవెల్‌ది కాదు, దానికి ముందున్న దశది. శబ్దం మైకు పొర, తొలి యాంప్లిఫైయర్, డిజిటల్ మార్పిడి అనే మూడు దశలు దాటి ఫైలులోకి చేరుతుంది. మీటరు చూపేది చివరి దశను మాత్రమే. చిన్న రికార్డర్లలో చాలావాటిలో రికార్డింగ్ లెవెల్ మీట తొలి యాంప్లిఫైయర్ తరువాతే పనిచేస్తుంది కనుక, అప్పటికే చితికిపోయిన శబ్దాన్ని అది తగ్గించి రాస్తుందే తప్ప బాగుచేయలేదు. లెవెల్‌ను ఇంకా కిందికి దించితే మీటరు మరింత నిశ్చింతగా కనిపిస్తుంది, పగులు మాత్రం అలాగే ఉంటుంది.

మీ రికార్డర్‌లో మైకు సెన్సిటివిటీకి హై, లో అనే స్విచ్ గానీ, మెనూలో అటువంటి అమరిక గానీ ఉందేమో చూడండి. అది తొలి దశకు సంబంధించినది కాబట్టి, బిగ్గరగా సాగే కచేరీలకు దాన్ని ‘లో’ వైపే ఉంచాలి. అది లేకపోయినా, ఉండి చాలకపోయినా, స్పీకర్లకు దూరం జరగడమే మార్గం. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది; హాలులో గోడల నుంచి తిరిగివచ్చే శబ్దం కూడా కలుస్తుంది కాబట్టి అంత తగ్గదు.

రెండవ జవాబు

గుహ సమస్యకు ఏ మీటా పరిష్కారం కాదు. రికార్డర్ ఉంచిన స్థలమే కారణం. మైకు దూరం జరిగేకొద్దీ నేరుగా వచ్చే శబ్దం తగ్గిపోతుంది గానీ, హాలులో నిండి ఉండే ప్రతిధ్వని ఇంచుమించు అంతటా ఒకే స్థాయిలో ఉంటుంది. ఒక హద్దు దాటాక గొంతు కంటే గదే ఎక్కువగా వినిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి చెవులు, మెదడు ప్రతిధ్వనిని పక్కకు నెట్టి గొంతును పట్టుకోగలవు, కాబట్టి ప్రత్యక్షంగా విన్నప్పుడు బాగున్న సీటు మైకుకు చాలా దూరం కావచ్చు. స్పీకర్లు లేని గాత్ర కచేరీ అయితే వేదికకు రెండు నుంచి నాలుగు మీటర్లలోపు, ముందు వరుసవారి తలల కంటే ఎత్తున, స్టాండ్ మీద ఉంచండి. చేతిలో పట్టుకుంటే వేళ్ల కదలికలు సైతం రికార్డవుతాయి.

మరొక సంగతిని చాలామంది గమనించరు. ఈ మైకులు రికార్డర్ పొడవు దిశలో ముందుకు చూస్తాయి. తెర చదవడానికి వీలుగా ఉంటుందని రికార్డర్‌ను నిటారుగా నిలబెడితే, అవి గాయని వైపు కాక పైకప్పు వైపు చూస్తుంటాయి. దాన్ని పడుకోబెట్టి, తలను వేదిక వైపు తిప్పాలి. తెర కిందికి వచ్చేలా తిరగేసి బిగిస్తే మాత్రం కుడి, ఎడమలు తారుమారవుతాయి.

స్పీకర్ల కచేరీలో ఒకే స్పీకరుకు ఎదురుగా నిలబడకండి. సౌండ్ ఇంజనీరు కూర్చునే బల్ల దగ్గర, మధ్య గీత మీద ఉండడం మంచిది. ఆయన అక్కడ వింటూనే అన్నిటినీ సర్దుతారు. బాల్కనీ కిందికి, వెనుక గోడకు ఆనుకుని మాత్రం వెళ్లకండి. అక్కడ బేస్ ఉబ్బిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

తరంగం చదునుగానే ఉంది, అదీ మైనస్ 10 దగ్గరే. సెన్సిటివిటీ స్విచ్ ‘హై’ వైపు ఉంది. అయితే 32-బిట్ ఫ్లోట్ (అతి విశాలమైన లెవెల్ పరిధితో ఫైలు రాసే) రికార్డర్ కొంటే ఈ చింత తీరిపోతుందా?

మూడవ జవాబు

సగమే తీరుతుంది. 2024లో వచ్చిన జూమ్ హెచ్1ఎసెన్షియల్ వంటి 32-బిట్ ఫ్లోట్ రికార్డర్లలో గెయిన్ మీటే ఉండదు, డిజిటల్ దశలో శిఖరం తెగే భయమూ ఉండదు. కానీ మైకు పొర మోయగల శబ్దానికి హద్దు అక్కడా ఉంటుంది. అది దాటితే చదునైన తరంగమే 32 బిట్లలో భద్రంగా నిక్షిప్తమవుతుంది. మీ సమస్య ఆ స్విచ్‌తో తీరుతుందేమో ముందు చూడండి, కొనడానికి ఎప్పుడైనా కొనవచ్చు.

ఉన్న రికార్డర్‌లో 24-బిట్ ఎంచుకుని, అత్యంత బిగ్గరైన ఘట్టం మైనస్ 12 దగ్గర ఆగేలా లెవెల్ పెట్టండి. 24-బిట్ పరిధి (అతి మెల్లని, అతి బిగ్గర శబ్దాల మధ్య తేడా) సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్స్, 16-బిట్‌కు 96 మాత్రమే. కాబట్టి తరువాత ఎడిటర్‌లో పెంచుకున్నా నష్టం ఉండదు, హాలులోని జనం సవ్వడే మైకు సొంత హిస్ (సన్నని బుస శబ్దం) కంటే ఎక్కువగా ఉంటుంది. సౌండ్ చెక్ సమయంలో పెట్టిన లెవెల్‌ను నమ్మవద్దు, అసలు కచేరీ దాదాపు ఎప్పుడూ అంతకంటే బిగ్గరగా సాగుతుంది. పైగా మీ పక్కవారి చప్పట్లు సంగీతం కంటే పెద్దగా పడవచ్చు.

ఆటో లెవెల్ తప్పకుండా ఆపేయండి. అది మెల్లని ఆలాపనను పైకి లాగి, చప్పట్లు మోగగానే అంతా అణచివేస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లను తరువాత సరిచేయడం అసాధ్యం. లిమిటర్ల విషయంలో అన్నీ ఒకటి కావు: కొన్ని రికార్డర్లు, శిఖరం తెగితే వాడుకోవడానికి, తక్కువ లెవెల్‌లో మరొక ఫైలును సమాంతరంగా రాస్తాయి, అటువంటి సదుపాయం ఉంటే తప్పక వాడండి. లో కట్‌ను, గాలిగానీ ఏసీ హోరుగానీ నేరుగా మైకును తాకుతున్నప్పుడు తప్ప, నేను ఆన్ చేయను. ఎడిటర్‌లో ఎప్పుడైనా వేసుకోవచ్చు, కోల్పోయిన బేస్‌ను మాత్రం తెచ్చుకోలేం. గాలికి ముందు ఫోమ్ తొడుగు వేయండి.

48 కిలోహెర్ట్జ్, 24-బిట్ స్టీరియో వేవ్ ఫైలు గంటకు సుమారు 1 జీబీ తీసుకుంటుంది. చాలా రికార్డర్లు 2 జీబీ చేరగానే కొత్త ఫైలు మొదలుపెడతాయి; రెండు గంటలు దాటిన కచేరీలో ఆ కోత పాట మధ్యలో పడకుండా, విరామంలోనే ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టడం మేలు.