ఆస్ట్రేలియాలో పుట్టిన మేనల్లుడు ఇండియాకి ఫుట్‌బాల్ ఆడాలంటే?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. అక్క ఇక్కడే పుట్టి, పెళ్ళయ్యాక మెల్‌బోర్న్‌లో స్థిరపడింది. వాళ్ళబ్బాయికి 17 ఏళ్ళు. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నాయి. బాగా ఆడతాడు, ఇండియా జెర్సీ వేసుకోవాలని వాడి కోరిక.

ఓసీఐ చాలదు, ఇండియన్ పాస్‌పోర్టే కావాలి. ఇజుమీ అరాటా జపాన్ పౌరసత్వం వదులుకునే మన జట్టులోకి వచ్చాడు. అందుకు వీడూ సిద్ధమే.

అసలు టెన్షన్ వేరే. ఈలోపు ఆస్ట్రేలియా అండర్-20 వాళ్ళు పిలిస్తే వెళ్ళొచ్చా? 2020లో సవరించిన ఫిఫా నియమాల ప్రకారం, 21 ఏళ్ళు నిండకముందు యూత్ మ్యాచ్‌లే ఆడినవాళ్ళకు జట్టు మారే వెసులుబాటు ఉంది. ఆ మ్యాచ్‌లు ఆడేనాటికి కొత్త దేశం పౌరసత్వం లేకపోయినా సరే, తల్లి గానీ తాతయ్య, అమ్మమ్మ గానీ ఆ దేశంలో పుట్టి ఉంటే చాలు. నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?

ఇంకో చిక్కు, అక్క ఇండియాలోనే పుట్టిందని రుజువు చూపడం. తను ఇంట్లోనే పుట్టింది, జనన ధ్రువపత్రం లేదు. తెలుగు మీడియం బడి ఇచ్చిన టీసీ ఒక్కటే ఉంది. అది సరిపోతుందా, లేక సబ్ కలెక్టర్ ఉత్తర్వుతో ఆలస్యపు జనన నమోదు చేయించాలా? ఒడిశాలో ఈ పని చేయించుకున్నవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.