అరటికి క్రోమోసోములు 33 అయితే కణాలు ఎలా విడిపోతున్నాయి?

రావులపాలెం కుర్రోడు:
నీట్‌కి చదువుతున్నానండి, కణ విభజన చాప్టర్ దగ్గర ఆగిపోయాను. అరటి ట్రిప్లాయిడ్ (ప్రతి రకం క్రోమోసోమూ మూడేసి ఉన్నది), క్రోమోసోములు 33, అందుకే గింజ రాదు అని మెటీరియల్‌లో ఒక్క లైన్ రాసి వదిలేశారు. 33 బేసి సంఖ్య కదా, సగం చేస్తే పదహారున్నర. మరి మైటోసిస్ (మొక్క ఎదగడానికి జరిగే కణ విభజన) మాత్రం ఎలా జరుగుతోంది? మా ఇంటి చుట్టూ అరటి తోటలే, పిలక నాటితే చూస్తుండగానే మనిషిని మించి ఎదుగుతుంది, గెల వేస్తుంది, అదంతా కణాలు విడిపోతేనే కదా. గింజకి అడ్డొచ్చిన 33 ఆకుకి ఎందుకు అడ్డు రావట్లేదు?

బోటనీ మేష్టారు, అమలాపురం:
మంచి ప్రశ్న బాబూ. చిక్కంతా ‘సగం’ దగ్గరే ఉంది, మైటోసిస్‌లో 33ని సగం చేసేదే లేదు. ముందే ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపై ప్రతి క్రోమోసోమూ రెండు క్రోమాటిడ్లతో, అంటే ఒకేలాంటి రెండు నకళ్లతో సిద్ధమవుతుంది. మెటాఫేజ్‌లో 33 కూడా దేనికది విడిగా వరసలో నిలబడతాయి, తన జత ఎక్కడుందని ఏదీ వెతుక్కోదు. అనాఫేజ్‌లో క్రోమాటిడ్లు విడిపోయి అటు 33, ఇటు 33. అంతే.

మియోసిస్, అంటే పుప్పొడి, అండాలు తయారయ్యే విభజన, అలా కాదు. మొదటి విభజనలో సమజాత (ఒకే రకం) క్రోమోసోములు జతకట్టి, తర్వాత చెరోవైపు పోవాలి. అరటిలో 11 రకాలు, ఒక్కో రకానికి మూడేసి. రెండు ఒకవైపు పోతే మూడోది అవతలికి పోతుంది, ఏ రకం ఎలా చీలుతుందో దేని దారి దానిదే. ఒక కణానికి అన్ని రకాలూ ఒక్కొక్కటే, లేదా అన్నీ రెండేసి రావాలంటే లెక్క వేసి చూడు, 1024లో ఒక్క అవకాశం. పైగా మూడోది ఎటూ పోకుండా మధ్యలో ఉండిపోవడం కూడా మామూలే. ఇలా తక్కువెక్కువలతో తయారైన పుప్పొడి, అండాలు చాలావరకు పనికిరావు.

లంక రైతు:
మేష్టారు చెప్పిన మైటోసిస్ మీదే మా వ్యాపారమంతా నడుస్తోంది, ఆయ్. పిలక తల్లి దుంపలోంచి వచ్చిందే కాబట్టి కర్పూర చక్కెరకేళి పిలక పెడితే కర్పూర చక్కెరకేళే వస్తుంది, ఆ ధీమా విత్తనంతో పెంచితే ఉండదు. కానీ దీంతో ఇబ్బంది కూడా ఉందండోయ్. అన్నీ ఒకే మొక్కకి నకళ్లు కాబట్టి ఒకదానికి లేని నిరోధకశక్తి దేనికీ ఉండదు, అమృతపాణి తోటలో పనామా తెగులు పడితే తెలుస్తుంది ఆ బాధ. టిష్యూ కల్చర్ మొక్కలూ ఇంతే, ల్యాబ్‌లో పెంచినంత మాత్రాన కొత్త జన్యువులేం రావు. అప్పుడప్పుడు ఒకటీ అరా తేడా మొక్క వస్తుంది, దాన్ని పీకేస్తాం.

కాకినాడ కోచింగ్:
ఒక చిన్న సవరణ. గింజ లేకపోవడం వేరు, గింజ లేకుండానే కాయ పెరగడం వేరు. రెండోది పార్థెనోకార్పీ, ఫలదీకరణ జరగకపోయినా అండాశయం కండపడుతుంది. ట్రిప్లాయిడ్ పుచ్చకాయ చూడండి, దానికీ 33 క్రోమోసోములే, గింజ రాదు, కానీ పక్కన మామూలు పుచ్చ తీగ పుప్పొడి అందకపోతే కాయే నిలబడదు. అరటికి ఆ అవసరం లేదు. పండు కోస్తే నడిమధ్యన కనిపించే నల్ల చుక్కలు గింజలు కాలేకపోయిన అండాలే.

రావులపాలెం కుర్రోడు:
థాంక్సండీ అందరికీ. మరైతే మేష్టారూ, బేసి సంఖ్య ఉన్న జీవికి మియోసిస్ కుదరదు అని రాసుకోవచ్చా?

బోటనీ మేష్టారు, అమలాపురం:
అలా రాస్తే మిడత దగ్గర దొరికిపోతావు. మగ మిడతకి లింగ క్రోమోసోముల్లో ఎక్స్ ఒక్కటే, వై ఉండదు, మొత్తం బేసి సంఖ్యే. అయినా మియోసిస్ సాఫీగా జరుగుతుంది, సగం శుక్రకణాలకి ఎక్స్ వెళ్తుంది, సగానికి వెళ్లదు. అక్కడ జతలేనిది ఒక్కటే. అరటిలో పదకొండు రకాలకీ మూడో క్రోమోసోమ్ ఉంది. కారణం అడిగితే అది రాయి, 33 బేసి అని కాదు.