సిగరెట్ మానమని ఆబొరిజినల్ గర్భిణికి ఎలా చెప్పాలి?

ప్రశ్న (న్యూ సౌత్ వేల్స్ నుంచి, నర్సు)

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆకును ఆరబెట్టే బ్యారన్ల పక్కన పెరిగి, నర్సింగ్ చదివి, ప్రస్తుతం ఆస్ట్రేలియాలో సముద్రతీరానికి చాలా దూరంగా ఉన్న ఒక చిన్న పట్టణంలో గర్భిణుల క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవారిలో ఆబొరిజినల్ స్త్రీలు, అంటే ఇక్కడి ఆదివాసీ స్త్రీలు, చాలామంది ఉంటారు, వారిలో పొగ తాగేవారు కూడా ఎక్కువే. కిందటి నెల, ఆరో నెల గర్భంతో ఉన్న పందొమ్మిదేళ్ల అమ్మాయికి పట్టిక చూపించి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుందని, దానివల్ల బిడ్డ బరువు తగ్గవచ్చని, నెలలు నిండకముందే కాన్పు రావచ్చని ఓపికగా వివరించాను. ఆమె నేలవైపే చూస్తూ అంతా విని, "అవన్నీ నాకు తెలుసు. మా ఇంట్లో ఆరుగురం, అందరమూ తాగుతాం. వెనక మెట్ల మీద అత్తతో కూర్చునే ఆ పది నిమిషాలే రోజంతటిలో నాకు కాస్త నెమ్మది" అంది. తరువాతి పరీక్షకు ఆమె రాలేదు. నేను ఎక్కడ పొరబడ్డానో, ఈ స్త్రీలు పొగ మానడం గురించి అసలు ఏమనుకుంటారో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 (ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి, మిడ్‌వైఫ్)

అమ్మా, తెలియనివారికి చెప్పినట్లు మీరు చెప్పారు, ఆమెకేమో ఆ సంగతులన్నీ ముందే తెలుసు. పధ్నాలుగేళ్లుగా ఈ పనిలో నేను చూసినంతవరకు, పొగ బిడ్డకు మంచిది కాదని తెలియని తల్లి చాలా అరుదు. అద్దె బాకీ, ఒకదాని వెనక ఒకటిగా బంధువుల అంత్యక్రియలు, ఇంట్లో కొట్టే మగవాడు, వారం చివరికి ఖాళీ అయ్యే వంటగది, ఇన్నింటి మధ్య ఆమె బతుకుతున్నప్పుడు, సిగరెట్ ఆమె లెక్కలో చివరి సమస్య. పైగా మిగిలినవాటిని తట్టుకోవడానికి చేతికందే ఆసరా కూడా అదే. నా మొదటి బిడ్డ బాగానే పుట్టింది కదా అని కొందరు అంటారు, బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు తేలికవుతుందని నమ్మేవారూ ఉన్నారు. కళ్ల ముందు ఆడుకుంటున్న బిడ్డను మించిన సాక్ష్యం మన పట్టికలో ఏముంటుంది?

ఇంకొక సంగతి మనం తరచుగా గమనించం. రోజుకు ఇరవై తాగే మనిషి ఎనిమిదికి తగ్గించుకొని, దాన్నే పెద్ద విజయంగా భావించి మన ముందుకు వస్తుంది. తగ్గించినప్పుడు ఒక్కొక్క సిగరెట్‌ను మరింత లోతుగా పీల్చే అవకాశం ఉంది కాబట్టి అంతటితో సరిపోదన్నది నిజమే, అయినా ఆ మాటకు ముందు "పన్నెండు ఎలా మానగలిగారు?" అని అడిగి చూడండి. మా దగ్గర ఒకామె ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే చిన్న యంత్రంలోకి ఊది, అంకె కిందటిసారి కంటే తగ్గిందని చూసి, "డెడ్లీ!" అని కేక వేసింది. ఇక్కడి ఆబొరిజినల్ ఇంగ్లిష్‌లో ఆ మాటకు అద్భుతం అని అర్థం. మరుసటివారం ఆమె తన చెల్లెలిని కూడా వెంటబెట్టుకొని వచ్చింది.

జవాబు 2 (బ్రిస్బేన్ నుంచి, ఫార్మసిస్టు)

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను. మందు లేకుండా మానలేని గర్భిణికి వైద్యుల సలహాతో నికోటిన్ గమ్, చప్పరించే బిళ్ల, నోటి స్ప్రే వంటివి ముందుగా ఇస్తారు, అవి చాలకపోతే చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ ఇచ్చి రాత్రి పడుకునే ముందు తీసేయమంటారు. గర్భంలో శరీరం నికోటిన్‌ను మామూలుకంటే వేగంగా ఖర్చు చేస్తుంది కాబట్టి, తక్కువ మోతాదు ఇచ్చి "పనిచేయలేదు" అని వదిలేయడం మనవైపు పొరపాటు. బిడ్డకు హాని అని భయపడి గమ్‌ను పక్కన పెట్టి సిగరెట్ వెలిగించుకున్నవారిని నేను చూశాను. సిగరెట్‌లో నికోటిన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్, వేల రసాయనాలు ఉంటాయని వారికి ఎవరూ విడమరచి చెప్పలేదు.

జవాబు 3 (మెల్‌బోర్న్ నుంచి, సామాజిక కార్యకర్త)

ఆ అమ్మాయి మళ్లీ ఎందుకు రాలేదో అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. పశువుల క్షేత్రాల్లోనూ, మిషన్లనే క్రైస్తవ మిషనరీల స్థావరాల్లోనూ ఆబొరిజినల్ ప్రజలకు దశాబ్దాలపాటు కూలికి బదులు పిండి, చక్కెర, తేయాకు, పొగాకు రేషన్‌గా ఇచ్చారు. పశువుల క్షేత్రాల్లో పనిచేసేవారికి సమాన వేతనం ఇవ్వాలన్న తీర్పు 1966లో వచ్చి, 1968 డిసెంబరులో గానీ అమలులోకి రాలేదు. అంటే, ఆమె ముత్తవ్వకు పొగాకును అలవాటు చేసింది యజమానులే కావచ్చు. మరోవైపు, తల్లుల నుంచి పిల్లలను బలవంతంగా లాక్కున్న విధానానికి ప్రభుత్వం పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న మాత్రమే. ఈనాటికీ ఇతరులతో పోలిస్తే దాదాపు పది రెట్ల ఎక్కువ స్థాయిలో ఆబొరిజినల్ పిల్లలు సొంత ఇంటికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్నారు. "మీరు పొగ తాగుతారా?" అని మీరు రాసుకునే కాగితం ఎక్కడికి పోతుందోనని ఆమె భయపడటం సహజమే కదా!

అయినా నిరాశ పడవలసిన పని లేదు. 2009లో ఆబొరిజినల్ గర్భిణుల్లో సుమారు సగం మంది పొగ తాగేవారు, 2020 నాటికి అది నూటికి 43 వరకు తగ్గింది. 2010లో మొదలైన దేశవ్యాప్త పొగాకు నివారణ కార్యక్రమంలోనూ, ఆబొరిజినల్ ప్రజలే నడుపుకొనే ఆరోగ్య కేంద్రాల్లోనూ ఆ జాతివారే పనిచేస్తున్నారు. వారిలో కొందరు తామే తాగి మానినవారు, అందుకే వారి మాట నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా ఆబొరిజినల్ హెల్త్ వర్కర్‌తో కలిసి గురువారం ఆమె ఇంటికి వెళ్తాను. ఆమెతో పాటు ఇంట్లో మిగిలిన అయిదుగురితో కూడా మాట్లాడవచ్చా, లేక తలదూర్చినట్లు అవుతుందా?

జవాబు 1 (ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి, మిడ్‌వైఫ్)

ముందు ఆ అమ్మాయిని అడగండి, ఆమె సరేనంటే ఆ అత్తగారితో మొదలుపెట్టండి. వెళ్లగానే సిగరెట్ మాట ఎత్తకుండా, ఆ వెనక మెట్ల మీదనే కూర్చొని టీ తాగండి. ఇక్కడివారు యార్నింగ్ అనే ఆ తీరిక కబుర్లు ఒక గంటైనా సాగనివ్వండి.